మడమ కింద ఇనప ముక్క

“రేపు పొద్దున్న పాత ఇనుము కొనేవాడు వస్తన్నాడు మామ్మా. బండి ఇచ్చీత్తాను. ఇంక నావల్ల కాదు.”

“ఇచ్చీడానికి నువ్వెవులివే? అది మీ తాత బండి.”

“తాత బండైతే తాతనే తోలమను. నా మోకాలు సూడొకసారి. తోలు లేచిపోనాది.”

“పసుపెడితే మానిపోద్ది. బండిదేటి తప్పు? దున్నపోతుని తన్నినట్టు తన్నితే గేరు పడతాదేటి? నీ కాలు బరువు, గుంటా.”

“నా కాలు బరువా! క్లచ్ ప్లేట్లు కొత్తవి ఏయించాను. కేబులు కొత్తది. నూనె కొత్తది. ఇంకేటి సెయ్యమంతావు, దండేసి దణ్ణవెట్టమంతావా?”

నూనె కొత్తది అన్న మాట దగ్గర నేను పొయ్యిలో పుల్ల ఎగదోస్తున్నట్టు అటు తిరిగాను. పుల్ల బాగానే మండుతోంది.

కృప నా పెద్దకొడుకు కూతురు. చింతపల్లి అవతలి కొండల మీద గూడేలకు వెళ్ళి చంటిపిల్లలకు టీకాలు వేసే నర్సమ్మ ఉద్యోగం వచ్చాక నా దగ్గరే ఉంటోంది. ఐసు సంచులు పెట్టిన టీకాల డబ్బాని బండి వెనక కేరేజీలో బిగించుకుని వెళ్తుంది. ఆ ఇనప కేరేజీ దాని కోసం చేయించింది కాదు. మా ఆయన పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. గొడ్లకు వేసే మందు చల్లగా ఉండాలని ఆయన మోసిన డబ్బాకి కొలత పెట్టి చేయించుకున్నారు. మనవరాలి డబ్బా కూడా అందులో కుదురుగా కూర్చుంది. కొత్త బండి కొంటానని అది ఎప్పుడో అంది. ఉన్న బండి తిరుగుతుండగా కొత్తదెందుకని నేనే కొననివ్వలేదు.

ఆ రోజు పొద్దున్న జరిగింది ఇది. కాఫీ పళ్ళు కోసే కాలం. ఎండ రాకముందే తల్లులు పిల్లల్ని ముసలివాళ్ళకి అప్పజెప్పో, వీపున కట్టుకునో తోటల్లోకి వెళ్ళిపోతారు. అందుకని కృప చీకటి విడుతుండగానే బయలుదేరింది. మా ప్రార్థన గుడి దాటాక ఉన్న ఎగువలో రెండో గేరు పడలేదు. మళ్ళీ తొక్కితే మొదటిదీ పడలేదు. ఇంజను ఆగిపోయి బండి వెనక్కి జారింది. డబ్బా ఎక్కడ కిందపడుతుందోనని అది బండిని వదిలేసి డబ్బాని పట్టుకుంది. మోకాలు అక్కడే దోక్కుపోయింది. తర్వాత డబ్బా నెత్తిన పెట్టుకుని నడిచి గూడెం చేరేసరికి ఇళ్ళన్నీ మూసి ఉన్నాయి. ఇద్దరు పసివాళ్ళతో ఒక ముసలావిడ మాత్రం ఎండలో కూర్చుని ఉంది. మిగిలిన పిల్లల కోసం మర్నాడు పొద్దున్న మళ్ళీ వెళ్ళాలి. ఆ దారిలో జీపు తిరగదు. బండి కదలకపోతే ఆ పిల్లలకి సూది పడదు. తర్వాత వారం వాళ్ళ తల్లులు ఇంకా పైతోటలకి మారిపోతారు.

ఇక నూనె సంగతి. మూడు వారాల కిందట కృప కొత్త నూనె సీసా తెచ్చి, “ఆదివారం గుడి నుంచి వచ్చాక మారుత్తాను మామ్మా,” అంది. ఆ బండిలో గేర్లకీ క్లచ్ ప్లేట్లకీ కలిపి ఒకటే నూనె. దాన్ని ఎలా మార్చాలో నాకు తెలుసు. ముప్పై ఏళ్ళు ఆయన పక్కన లాంతరు పట్టుకుని కూర్చున్నదాన్ని, ఏ బోల్టుకి ఏ స్పానరో చెప్పగలను. అది ఇంట్లో లేనప్పుడు పాత నూనె దించేశాను. కొత్త సీసా మూత తియ్యబోతుంటే అటక మీద డబ్బా గుర్తొచ్చింది. కాఫీ పళ్ళ తోలు ఒలిచే పల్పరు మిషను పళ్ళచక్రాలకి వేసే నూనె అది. ఆయన పోయాక పల్పరు తిప్పినవాళ్ళు లేరు, పళ్ళు పళ్ళుగానే ఇచ్చేస్తున్నాం. డబ్బాలో సగం నూనె అలాగే ఉండిపోయింది. అదీ గేర్ల నూనే, ఇదీ గేర్ల నూనే. ఉన్నది వదిలేసి కొత్తది విప్పడానికి నాకు చెయ్యాడలేదు. డబ్బాలోది పోసి, సీసాని నా ట్రంకు పెట్టెలో బట్టల కింద దాచాను. సాయంత్రం కృప అడిగితే, “మార్చీసేను,” అన్నాను. ఆ మాటలో అబద్ధం లేదు. అలా అబద్ధం లేకుండానే దాచి మాట్లాడడం నాకు ఎప్పటి నుంచో అలవాటే. అది కూడా చెప్తాను.

ఆ వారం నుంచే బండి పొద్దున్న మొరాయించడం మొదలైంది. క్లచ్ పట్టుకున్నా ముందుకు గుంజుతుంది. గేరు వేస్తే ‘ఠక్’మని కొట్టి ఇంజను ఆగిపోతుంది. నిలబెట్టాక న్యూట్రల్ దొరకదు. కృప డ్యూటీ అయ్యాక మధ్యాహ్నం చింతపల్లిలో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే అతను ఒక చుట్టు తిప్పి వచ్చి, “గేర్లు బాగానే పడతన్నాయి కదమ్మా,” అన్నాడట. దీనికి తల కొట్టేసినట్టయింది. మర్నాడు పొద్దున్న మళ్ళీ అదే తంతు. ప్లేట్లు మార్చారు, కేబులు మార్చారు. నూనె ఎప్పుడు మార్చారని అతను అడిగితే, “కొత్తగా మా మామ్మే మార్చింది,” అని ఇది గొప్పగా చెప్పిందట. దాంతో అతను దించిన నూనే మళ్ళీ పోసేసి, ఆ వైపు చూడడం మానేసి, ఇంజను విప్పాలి, లోపల పళ్ళు అరిగిపోయి ఉంటాయి అన్నాడు. ఇవన్నీ అది రోజూ అన్నం దగ్గర చెప్తూనే ఉంది. పొద్దున్న పట్టేసి మధ్యాహ్నం వదిలేస్తోందంటే ఏమిటో నాకు తెలియాలి. తెలిసిన మనిషి పక్కన అన్నేళ్ళు బతికాను. కానీ ఆ రోజు దాని మోకాలు చూసేవరకూ నా బుర్ర అటు పోలేదు, లేదా నేనే పోనివ్వలేదు.

నేను ఈ కొండల్లో పుట్టలేదు. కింద మైదానంలో, నర్సీపట్నం దగ్గర ఒక పల్లెలో పుట్టాను. గుడి బడిలో మూడో తరగతి వరకూ చదివాను. ఆయనకి ఇక్కడ ఉద్యోగం అయితే పెళ్ళి చేసి పంపారు. మొదట నన్ను భయపెట్టింది ఇక్కడి చలి. రెండోది మా అత్త. ఆమె టీ పొడిని ఒకసారి కాచాక ఎండబెట్టి మళ్ళీ కాచేది. అగ్గిపుల్లని నిలువునా చీల్చి రెండు చేసేది. కిరోసిను బుడ్డి ఒత్తి ఎంత పైకి ఉండాలో గోటితో కొలిచి చూపేది. కోడలు రాగానే చాలా ఇళ్ళలో బంగారం చూపిస్తారు. మా అత్త నాకు బూడిద జల్లెడ చూపించింది. పొయ్యి బూడిదలో కాలని బొగ్గు ఏరి దాచడం దాని పని. ఆమె దగ్గర తిట్లు తినకూడదని నేర్చుకున్న పొదుపు ఆమె పోయేనాటికి నా ఒంటికి పట్టేసింది. ఆమె కంటే ఒక ఆకు ఎక్కువే చదివానని నా కోడళ్ళు అంటారు. అననీ.

పొద్దున్నే ఆ ఇంట్లో మొదట వినపడేది కోడి కూత కాదు, కిక్కు చప్పుడు. ఆయన లేచి మొహం కడుక్కుని, బండి మీద కప్పిన గోనెసంచులు తీసి మడతపెట్టేవారు. తాళం పెట్టేవారు కాదు. ఎడమ చేత్తో క్లచ్ గట్టిగా పట్టుకుని కిక్కు కొట్టేవారు. ఒకటి, రెండు, మూడు. ఇంజను పలకదు, పలకాలని ఆయన అనుకోరు. పదికి ఆపి, అప్పుడు తాళం తిప్పి పదకొండోది కొట్టేవారు. చోడి అంబలి గిన్నె పట్టుకుని నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. పిచ్చిమేళం అనుకునేదాన్ని. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

“తాళం ఎయ్యకుండా తన్నడమేటండీ? ఊరికే కాలు నొప్పి కాదా?”

“రాత్రంతా చలికి లోపల ప్లేట్లు ఒకదాన్నొకటి అంటుకుపోతాయి. తెల్లారి ఇడదియ్యాల. లేకపోతే క్లచ్ నొక్కినా ఇడవవు, గేరు పడదు.”

“మరి మధ్యాన్నం తన్నరేం?”

“మధ్యాన్నానికి నూనె ఏడెక్కి పలచబడతాది కదా. అప్పుడు ఆటికవే ఇడిపోతాయి.”

ఇంతే చెప్పారు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. బండి విప్పితే అసలు మాట్లాడరు. కొబ్బరి చిప్పలు వరసగా పెట్టి, ఏ వరసలో విప్పిన నట్లు ఆ వరసలో కిరోసినులో వేసేవారు. పిల్లలెవరైనా చిప్ప కదిపితే కసరకుండా అలా చూసేవారు, వాళ్ళే పారిపోయేవారు. ఆయన చొక్కాలు ఎంత ఉతికినా కిరోసిను, గొడ్ల మందు కలిసిన ఒక వాసన పోయేది కాదు. కోత రోజుల్లో దానికి తోడు పెరట్లో పల్పరు దగ్గర కుళ్ళిన కాఫీ పిప్పి పులుపు వాసన. ఇప్పటికీ ఎవరి తోటలో పిప్పి పులిసినా నాకు ఆయన పక్కన ఉన్నట్టే ఉంటుంది. చలికాలం మొదట్లో నూనె తప్పకుండా మార్చేవారు. సీసాలోంచి బొట్టు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూసేవారు. నీళ్ళలా జారితే చలికి, తేనెలా సాగితే ఎండకి. ఆ బొట్టు నా వేళ్ళకీ పూసి, “సూడు,” అనేవారు. నేను చెయ్యి తుడుచుకుని, ఆ గుడ్డ పొయ్యి రాజేయడానికి పనికొస్తుందని దాచేదాన్ని. నేర్చుకోవాల్సింది వదిలేసి గుడ్డ దాచుకున్నాను.

ఇక ఘాటు రోడ్డు సంగతి. ఇది నేను ఆ రోజు దాకా ఎవరితోనూ అనలేదు, ప్రార్థనలో కూడా పైకి అనలేదు. అప్పట్లో ఈ కొండ దిగేవాళ్ళందరికీ ఒక అలవాటుండేది. ఎగువ అయిపోయి దిగుడు మొదలైన చోట ఇంజను ఆపేసేవారు. మోటారు సైకిళ్ళే కాదు, మనుషుల్ని కుక్కుకున్న జీపులు కూడా అలాగే జారేవి. పెట్రోలు మిగుల్తుందని. ఆ మలుపు దగ్గర ఒక్కసారిగా చప్పుడు ఆగిపోయి గాలి, పిట్టల అరుపులు వినపడేవి. నాకు ఆ నిశ్శబ్దం ఎంతో ఇష్టంగా ఉండేది. అడవి అందం చూసి కాదు, ఉచితంగా పోతున్నామని. ఆయనకి మాత్రం అది నచ్చేది కాదు. ఆ మలుపు వచ్చేసరికి వెనక నుంచి నేను భుజం తట్టేదాన్ని.

“కొండ దిగడానికి పెట్రోలెందుకండీ? రాయి దొర్లడం లేదా?”

“రాయికి ఎక్కడా ఆగక్కర్లేదు,” అనేవారు.

అని తాళం తిప్పేసేవారు. ఇంటికెళ్ళాక నా మొహం ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. మూడు రోజులు మాట్లాడను, గిన్నెలు చప్పుడు చేస్తాను. ఆ గొడవ పడలేకే ఆపేవారు.

ఒకసారి ఇక్కడి ఆసుపత్రిలో కరెంటు పోయి రెండు రోజులైంది. మందు పాడవుతుందని ఐసు తేవడానికి ఆయన నర్సీపట్నం బయలుదేరారు. మా అమ్మని చూసి వస్తానని నేనూ ఎక్కాను. మలుపు దగ్గర భుజం తట్టాను. ఆపారు. సగం దిగేసరికి జల్లు పట్టుకుంది. బ్రేకులు తడిసి పట్టు తప్పాయి. బండి వేగం అందుకుంది. ఎదురుగా మలుపులోంచి మనుషుల్ని మీదకెక్కించుకున్న జీపొకటి పైకొస్తోంది. ఆయన గేరులో వెయ్యడానికి కాలితో కొట్టారు. ఇంజను ఆగి ఉంటే, అంత వేగంలో గేరు ఎక్కడ పడుతుంది? ఎముకలు నూరినట్టు గరగరమంది తప్ప పడలేదు. మళ్ళీ కొట్టారు. మళ్ళీ గరగర. అప్పుడాయన జీపుకి తగలకుండా బండిని కొండ వైపు కాలవలోకి వాల్చేశారు. నేను తుప్పల్లో పడ్డాను. మోచెయ్యి గీరుకుంది, అంతే. ఆయన ఎడమ పాదం గేరు కడ్డీకీ రాతికీ మధ్య ఇరుక్కుంది.

ఎముక అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. ఆసుపత్రిలో మంచం చుట్టూ మా నాన్న, మా అన్నలు, గుడి పెద్దలు మూగారు. “ఎలా పడ్డావయ్యా?” అని మా నాన్న అడిగాడు. నేను అంబలి గిన్నె పట్టుకుని తలవైపు నిలబడి ఉన్నాను. ఆయన నా వైపు ఒక్కసారి చూశారు. చూసి, “గేరు పడలేదు మావయ్యా,” అన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు. మా నాన్న ఊరుకోలేదు. “తోలడం సేతకానోడు పెళ్ళాన్నెక్కించుకుని ఘాటు దిగుతాడేటి?” అని అందరి ముందూ అన్నాడు. ఆయన ఊరికే నవ్వారు. నేను గిన్నెలో గరిటె తిప్పుతూ నిలబడ్డాను. అప్పుడు నోరు తెరిస్తే ఒక్క మాటతో అయిపోయేది. ఆ రోజు దాటింది, వారం దాటింది, ఇక ఆ మాటకి చోటు లేకుండా పోయింది. తర్వాత ఎన్నో ఏళ్ళు పెళ్ళిళ్ళలో, భోజనాల దగ్గర మావాళ్ళు ఆయన్ని ‘గేరు పడని కాంపౌండరు’ అని ఆటపట్టించారు. నేను కూడా నవ్వాను. ఇది రాస్తుంటే ఆ నవ్వే ఎక్కువ గుచ్చుకుంటోంది.

తర్వాత ఆయన ఆ మలుపు దగ్గర ఎప్పుడూ ఇంజను ఆపలేదు. నేను ఎప్పుడూ భుజం తట్టలేదు. ఈ సంగతి మా మధ్య మాటగా ఒక్కసారి కూడా రాలేదు. గేరు పెంచాలంటే కడ్డీని కాలివేళ్ళతో పైకి ఎత్తాలి కదా, ఆ వేళ్ళకి ఇక పైకి లేచే బలం లేదు. సంతలో కమ్మరి దగ్గర కూర్చుని, గేరు కడ్డీకి వెనక వైపు జానెడు ఇనప ముక్క అతికించుకున్నారు. వేళ్ళతో ఎత్తే బదులు మడమతో వెనక నొక్కితే ముందు లేస్తుంది. ఆ ముక్క ఆయన చెప్పు రాపిడికి నున్నగా అరిగి, మధ్యలో పల్లం పడింది. కృప ఆ బండి మీదే, గుడి వెనక మైదానంలో తాత దగ్గరే నేర్చుకుంది. బండితో పాటే వచ్చిన ముక్క అనుకుంటోంది. మడమ ఆ పల్లంలోనే పెడుతుంది.

ఆయన పోయి మూడు చలికాలాలు గడిచాయి. ఈ మూడేళ్ళలోనే కొండ ఎంతో మారింది. చాలా గూడేల దాకా సిమెంటు రోడ్డు పడింది, ప్రతి ఇంటి ముందూ ఒక బండి ఉంది. గేరు సరిగా పడకపోతే బండి మార్చేస్తారు. చెప్పు తెగితే చెప్పు పారేస్తారు. నాకు ఒళ్ళు మండుతుంది. కుట్టేవాడు ఉండగా పారెయ్యడమేమిటని ఇప్పటికీ అంటాను. మేము ఒక ఐసు గడ్డ కోసం కొండ దిగినవాళ్ళం, ఇప్పుడు కృప చేతికి ఆసుపత్రిలోనే గడ్డ కట్టిన సంచులు ఇస్తారు. కానీ ఈ పిల్ల ఏదైనా పాడైతే నోరు విప్పి అంటుంది. నా మీద అరుస్తుంది, మెకానిక్‌ని నిలదీస్తుంది, అమ్మేస్తానంటుంది. మా ఇంట్లో ఆ రోజుల్లో ఎవరూ ఏదీ అనేవాళ్ళం కాదు. అగ్గిపుల్లలతో పాటు మాటలు కూడా చీల్చి సగమే వాడేవాళ్ళం. నేను ఆదా చేసినవన్నీ నా నోటి దగ్గర, నా ఒంటి దగ్గర తగ్గించుకున్నవే అని ఇన్నాళ్ళూ గర్వంగా ఉండేది. కొన్ని పక్కవాళ్ళ ఒంటి మీద నుంచి తీసినవి. ఆయన పాదం ఒకటి. ఇప్పుడు దీని మోకాలు. ఒకే మనిషి, ఒకే బండి గేర్ల మీద రెండుసార్లు పొదుపు చేసింది.

ఆ సాయంత్రం కృప నాతో మాట్లాడకుండా అన్నం తింది. గిన్నెలు చప్పుడు చేసింది. అది నా దగ్గర నేర్చుకున్నదే. “ఇనుము వాడికి ఎన్నింటికి రమ్మన్నావే?” అని అడిగాను. “ఏడింటికి. నాను అయిదున్నరకే డబ్బా ఎత్తుకుని నడిచి ఎల్లిపోతాను. వాడొత్తే బండి నువ్వే ఇచ్చీ,” అంది. నేనే ఇవ్వాలట. ఇచ్చేస్తే ఇక ఆ బండిలో ఏ నూనె ఉందో ఎవరికీ తెలియదు. ఈ ఆలోచన నాకు రాలేదని రాస్తే అది కూడా సగం చీల్చిన మాటే అవుతుంది. వచ్చింది. చెయ్యి కడుక్కుని లేచేదాకా ఉంది.

పొద్దున్న మంచు వాకిట్లో పరుచుకుని ఉండగా లేచాను. ట్రంకు పెట్టె తీసి, బట్టల కింద నుంచి సీసా తెచ్చి బండి సీటు మీద పెట్టాను. పక్కన స్పానరు, సత్తు బేసిను పెట్టాను. కృప చెప్పులు వేసుకుంటూ బయటికొచ్చి చూసింది. సీసా తీసుకుని మూత తిప్పి చూసింది. సీలు అలాగే ఉంది.

“ఇదేటి మామ్మా?”

“నువ్వు తెచ్చిన నూనె.”

“మరి లోపల ఉన్నదేటి?”

“పల్పరు నూనె. నానే పోసేను.”

అది నన్ను చూసింది, బండిని చూసింది. తర్వాత తన మోకాలు చూసుకుంది.

“మూడు వారాలు!” అంది. “మూడు వారాలు నాను మెకానిక్ ఎనకాల తిరిగితే సూస్తా కూర్చున్నావా? నా కాలు బరువన్నావు!”

“అన్నాను. తప్పు నాది. నీ కాలు కాదు. ముందు ఇంజను కాసేపు ఆడించు, నూనె ఏడెక్కితే గాని దిగదు. బేగి కానీ.”

దానికి కోపమొస్తే పని జోరుగా చేస్తుంది. ఇంజను ఆడించి ఆపింది, నేను కింద బేసిను పెట్టాక బోల్టు విప్పింది. నూనె బెల్లం పాకంలా తాడులా సాగుతూ దిగింది. అదంతా దిగేవరకూ చెయ్యడానికి ఏ పనీ ఉండదు. ఇద్దరం బేసిను దగ్గర చెరో పక్క గొంతుక్కూర్చుని ఉన్నాం. అప్పుడు గేరు కడ్డీ వెనక ముక్క మీద చెయ్యి వేసి, అది ఎందుకు ఉందో చెప్పాను. మలుపు, భుజం తట్టడం, జల్లు, జీపు, ఆసుపత్రి. నాకు కథలా చెప్పడం రాదు. జరిగింది జరిగినట్టు చెప్పాను.

“తాత గేరు పడలేదనే సెప్పేవోడు,” అంది.

“పడలేదు, నిజమే. ఇంజను నాను ఆపించేను.”

“తాతకి సెప్పేవా ఎప్పుడైనా, తప్పు నాదేనని?”

“లేదు.”

“ఒక్కసారి కూడా?”

“లేదే.”

కృప బోల్టు బిగించింది. కొత్త సీసా తీసి పోసింది. చివర మిగిలిన బొట్టుని నేను వేళ్ళ మధ్య రుద్ది చూశాను. నీళ్ళలా జారింది. నేను తాత పద్ధతి చెప్తే, అది క్లచ్ పట్టుకుని, తాళం వెయ్యకుండా కిక్కు కొట్టింది. నేను పక్కన నిలబడి పైకే లెక్కపెట్టాను, పది వరకూ. పదకొండోదానికి ఇంజను అందుకుంది. కాలితో నొక్కితే మొదటి గేరు చప్పుడు లేకుండా పడింది. బండి గుంజలేదు, ఆగలేదు. కృప మొహం చూస్తే కోపం తగ్గలేదు గానీ భుజాలు మాత్రం దిగాయి.

అంతలో ఇనుము వాడు తక్కెడ భుజాన వేసుకుని వచ్చాడు. చెప్పిన టైముకంటే ముందే వచ్చాడు.

“ఇదేనామ్మా బండి?”

“ఇవాళ కాదు బాబూ,” అంది కృప.

“మరెప్పుడు?”

“మా మామ్మనడుగు.”

వాడు నా వైపు తిరిగాడు. వెళ్ళిరా అన్నాను. ఇంత దూరం వచ్చాను, కాస్త టీ అయినా పొయ్యమన్నాడు. పోశాను. రెండోసారి కాచింది కాదు, కొత్త పొడే వేశాను.

డబ్బా కేరేజీలో బిగించాక కృప ఎక్కి కూర్చుంది. మడమ ఆ ముక్క మీద పెట్టి, కిందకి చూసి, ఒక్క క్షణం పాదం అలాగే ఉంచింది. “సాయంత్రం నాతో సింతపల్లి వస్తావు మామ్మా. మెకానిక్ ముందు కూడా ఇదే మాట సెప్తావు. నాను అబద్ధాలు ఆడేనని అనుకుంతన్నాడు ఆడు,” అంది. వస్తానన్నాను. వెళ్ళిపోయింది. గుడి దాటాక ఎగువ దగ్గర చప్పుడు మారింది, రెండో గేరు. ఇంకొంచెం పైన మళ్ళీ మారింది. ఆ తర్వాత వినపడలేదు.

నేను బేసినులో నూనె పాత గుడ్డలోంచి వడగట్టి డబ్బాలో పోశాను. మూత బిగించి, డబ్బా మీద బొగ్గుతో ‘బండికి కాదు’ అని పెద్ద అక్షరాలతో రాసి అటక మీద పెట్టాను.